సాగునీటికి పటము పలుకు సాక్ష్యము

పటములను గూర్చి రేడియోలో మాటలాడుట ఒక విధముగా సాహసమే యగును. కన్నులకు చూపవలసిన వస్తువును చెవులకు అప్పగించుట సులభము గాదు. అయినను ఈ పూట నేను ప్రస్తావింపనున్న పటములు గోడలకు వ్రేలాడదీయు అలంకారములు గావు. ఏ కాలువలో ఎంత నీరు వచ్చినది, ఆ నీరు ఏ పొలమునకు చేరినది, ఏ పొలమునకు చేరలేదు అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగల పటములు. మన పల్లెలలో ఎన్నో తగవులు ఆ మూడు ప్రశ్నలనుండియే పుట్టినవి. ఎన్నో సంసారములు వానికి దొరికిన సమాధానమును బట్టియే నిలిచినవి, కొన్ని కూలినవి. కావున రైతు సోదరులే గాక అన్నము తిను ప్రతివారును ఈ సంగతి తెలిసికొనదగినదే.

ముందుగా కొంచెము పూర్వచరిత్ర. దక్షిణదేశమును శాస్త్రీయముగా కొలుచుట 1802లో మద్రాసు చేరువనున్న సెయింట్ థామస్ కొండకడ విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి ఆధారరేఖను కొలుచుటతో ఆరంభమైనది. ఆ త్రికోణమితి కొలత క్రమక్రమముగా ఉత్తరాభిముఖమై తెలుగు సీమలలోనికి వచ్చినది. లాంబ్టనుకు సహాయకుడుగా హైదరాబాదు చేరిన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో బరువైన యంత్రములు మోయించుకొని తిరిగి, చలిజ్వరమున మంచము పట్టెను. లోకములోని అత్యున్నత శిఖరమునకు ఆయన పేరున్నదని అందరెరుగుదురు గాని, ఆయన పడిన తొలి పాట్లు మన అడవులలోనివని ఎరిగినవారు తక్కువ.

భూమి కొలతకును నీటికిని గల సంబంధము మన సీమలో తేటతెల్లమైనది గోదావరి డెల్టాలో. 1844లో ఆ మండలమునకు వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్, కఱవులచేతను తుపానుచేతను చితికియున్న ఆ నేలను, ఆనకట్ట మాట తలపెట్టకముందే, దాని ఎత్తుపల్లములను బట్టి పరిశీలించెను. డెల్టాకు ఒక ప్రకృతిధర్మము కలదు: వఱద పొర్లినప్పుడెల్ల నది తన ఒండును ముందుగా గట్టు చేరువనే దింపును గనుక, నదికి దగ్గఱి నేల మెరకయై, దూరము పోయినకొలది పల్లమగుచుండును. ఈ ఏటవాలును కనిపెట్టినవాడు సాగుకాలువను మెరకమీదుగను, మురుగుకాలువను పల్లమునుండియు నడపును. కనిపెట్టనివాడు నీటిని ఎదురెక్కింప జూచి భంగపడును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టను, అందు వీణం వీరన్న వంటి తెలుగువారు చేసిన సేవను మనము కొనియాడుచున్నాము. ఆ ప్రశంసలో ఒక పాలు ఆ ఎత్తుపల్లముల లెక్కకును చెందవలసి యున్నది. పటము లేనిదే కాలువ లేదని మన పూర్వులు ఆనాడే గ్రహించిరి.

అయితే కాలువను త్రవ్వుటకు వలసిన పటము వేరు, త్రవ్విన కాలువలో నీటిని పంచుటకు వలసిన పటము వేరు. మొదటిది ఒక్కసారి గీసిన చాలును. రెండవది ప్రతి పంటకును, ప్రతి వారమునకును క్రొత్తగా గీయవలసినది. ఈ రెండవ పటము మనకు నూటయేబది సంవత్సరములు కొఱవడినది. ఆ కొఱత యెట్టిదో నాగార్జునసాగరము ఆయకట్టును చూచిన బోధపడును.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టునుండి 1967లో కాలువలకు నీరు వదలబడినది. కుడికాలువ క్రింద పల్నాడు, గుంటూరు, ప్రకాశము సీమలును, ఎడమకాలువ క్రింద నల్లగొండ, ఖమ్మము సీమలును, వానికి దిగువ కృష్ణా, పశ్చిమగోదావరి మెట్టలును ఆయకట్టుగా ఏర్పడినవి. ఇరుదిక్కుల కలిపి దాదాపు 22 లక్షల ఎకరములు. ఏ సర్వే నంబరు మాగాణి, ఏ సర్వే నంబరు ఆరుతడి యని కాగితపు పటముల మీద ముందుగానే గుర్తించి, ఆ గుర్తింపునకు లోకలైజేషన్ అని పేరిడిరి. సంకల్పము మంచిదే. కాని నీరు వచ్చిన నాటినుండి నేలమీద నడచిన కథ మరియొకటి. గట్టుప్రక్కన నీరు పుష్కలముగా పారుచుండగా ఎగువ రైతు వరి వేయక ఏల మానును? తిండిగింజయు, పశువులకు మేతయు, అమ్ముకొనుటకు ఒక భరోసాయు ఒక్కచోట నిచ్చు పైరు మరియొకటి లేదని ఆయన లెక్క. ఆరుతడి యని గీత గీసిన చోట వరిమడులు వెలసినవి. మాగాణి యని గీత గీసిన శివారున పొలములు బీడుపడినవి. పటము మాత్రము మారలేదు.

శ్రోతలారా, కొంచెము లెక్క చెప్పినగాని ఈ విషయము పూర్తిగా మనసునకెక్కదు. వార్తలలో నిత్యము వినబడు టీఎంసీ యనగా నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. 11,574 క్యూసెక్కుల ప్రవాహము ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండ సాగినచో ఒక టీఎంసీ యగును. సాగరు కుడికాలువ 11,000 క్యూసెక్కులు మోయుటకు నిర్మింపబడినది. అనగా అది నిండుగా పారిన దినమున ఇంచుమించు ఒక టీఎంసీ దిగువకు పోవుచున్నదన్నమాట. ఇక చిన్న కొలతకు వత్తము. ఒక్క క్యూసెక్కు ఒక దినము పారినచో రెండు ఎకరముల చేనిలో అడుగు లోతు నీరు నిలుచును. కాలువ పొడవు 200 కిలోమీటర్లు దాటినప్పుడు, దానినుండి బ్రాంచి కాలువలు, వానినుండి మేజర్లు, మైనర్లు, పిల్లకాలువలు చీలినప్పుడు, ప్రతి చీలిక దగ్గఱ కొంచెము కొంచెముగా ఎక్కువ తీసికొన్నను చివరకు మిగులునదేమి? పంక్తిభోజనమున మొదటి విస్తళ్ళవారు రెండేసి మార్లు వడ్డింపించుకొన్నచో, కడపటి విస్తళ్ళ చెంతకు గరిటె మాత్రమే వచ్చును. అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాలువల శివార్లలోని రైతులకు ఆ గరిటె చప్పుడు చిరపరిచితము.

ఒక మేజరు కాలువ గట్టుమీద ఒక్క దినము నిలిచి చూచినవారికి ఈ సమస్య ఏ గ్రంథమును చెప్పనంత స్పష్టముగా తెలియును. తూము ప్రక్క గోడమీద తెల్లరంగు పూసి నల్లని అంకెలతో గేజీ వ్రాసియుండును. కాలువను కాచు లస్కరు ప్రొద్దుననే వచ్చి నీరెంత ఎత్తున నున్నదో చూచి, చిన్న పుస్తకములో గుర్తు వేసికొని, సెక్షను ఆఫీసునకు ఫోనులో చెప్పును. ఆయన చెప్పిన అంకె నిజమే. కాని ఆయన గట్టు మలుపు తిరిగిన పిమ్మట తూము పలక క్రింద ఒక బండరాయి చేరును. చీకటి పడగానే ఎవరో ఇంజను బిగించి గొట్టము కాలువలోనికి దింపుదురు. దిగువ ఊరివారు తమ వంతు నీరు దారిలో జారిపోకుండ టార్చిలైట్లు చేతబట్టుకొని గట్టుమీదనే పండుకొందురు. మరునాటి గేజీ అంకెలో ఈ రాత్రి కథ యేదియు నుండదు. ఫిర్యాదు వచ్చినప్పుడు శివారు రైతు నీరు రాలేదనును, ఎగువ రైతు తన హక్కుకు మించి తీసికొనలేదనును, అధికారి తాను వదలవలసినంత వదలితిననును. ముగ్గురి మాటలును విని తీర్పు చెప్పగల మధ్యస్థునకు చేతిలో ఆధారమేదియు లేదు.

ఆ ఆధారము సంపాదించు మార్గము ఆకాశమునుండి వచ్చినది. 1972లో అమెరికావారు ల్యాండ్‌శాట్ శ్రేణిలోని మొదటి ఉపగ్రహమును పైకి పంపిరి. రెండేండ్లకు, 1974లో, మన హైదరాబాదునందే జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ స్థాపింపబడినది; బాలానగరులో దాని కార్యాలయము, షాద్‌నగరు చెంత ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొను కేంద్రము కలవు. 1988 మార్చి 17న మన దేశపు తొలి దూరసంవేదన ఉపగ్రహము ఐఆర్ఎస్-1ఏ కక్ష్య చేరినది. 2005లో పైకి పంపబడిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వస్తువును గుర్తింపగలిగినది గనుక, కాలువ ఎంతవరకు త్రవ్వబడినది, ఎచ్చట తెగియున్నది, ఏ వంతెన కట్టకుండ విడువబడినది అను సంగతులు కార్యాలయముననే తెలియుటకు వీలైనది. నేడు ఐరోపావారి సెంటినెల్-2 జంట ఉపగ్రహములు పది మీటర్ల స్పష్టతతో అయిదు దినముల కొకసారి ఒకే పొలమును చూచిపోవుచున్నవి. ఆ చిత్రములు ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి.

ఉపగ్రహము పైరును చూచు విధానము విచిత్రమైనది. పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎఱుపును ఆహారము తయారుచేసికొనుటకై పీల్చుకొనును; ఎఱుపునకు ఆవల, మన కన్నులకు కానరాని పరారుణ కాంతిని మాత్రము చాలవఱకు వెనుకకు తిప్పికొట్టును. ఆకు ఎంత ఆరోగ్యముగా, ఎంత దట్టముగా నున్న ఈ రెండింటి వ్యత్యాసము అంత యెక్కువ. ఎండిన నేలకు ఈ వ్యత్యాసము అంతగా లేదు. నీటికి కథ తలక్రిందులు. నీరు పరారుణమును మ్రింగివేయును గనుక చిత్రములో నల్లగా కనబడును. ఈ రెండు గుణములను కలిపి చూడుడు: దమ్ము చేసి నీరు నిలిపిన మడి మొదట నల్లగా కనబడును, నాట్లు పడిన కొలది వారములకు ఆ నలుపుమీద పచ్చదనపు జాడ తోచును, పొట్టకు వచ్చునప్పటికి అది నిండుకొనును, కోతకు ముందు తగ్గిపోవును. ఈ క్రమము వరికి గాని పత్తికి లేదు, మిరపకు లేదు. అందుచేత ఒక్క చిత్రము చెప్పలేని మాటను చిత్రమాలిక చెప్పును.

ఆ మాలికలో కాలమును చదువుటయే మిక్కిలి ప్రయోజనకరము. ఒక మేజరు కాలువ తలవద్ద నున్న పొలములు ఆగస్టులోనే నల్లబడి, నడిమి పొలములు సెప్టెంబరులో నల్లబడి, చివరి పొలములు అక్టోబరు వచ్చినను ఎండినేలగనే యున్నవనుకొనుడు. అప్పుడు చివరి రైతు వరుసగా మూడేండ్లు చేసిన ఫిర్యాదు ఒక్క పటములో, తేదీలతో సహా, లిఖితమైనట్లే. ఎవరి నోటినుండియు మాట రానక్కఱలేదు. ఎగువ మడులలో నీరు నిలిచిన దినములను లెక్కించిన, అచ్చట అవసరమునకు మించి నీరు పోయినదో లేదో కొంతవఱకు ఊహింపవచ్చును. వరుసగా కొన్ని సంవత్సరములు నీరు నిలిచి పైరు పలచబడిన చోట్లు ఊటబారినవని గుర్తింపవచ్చును. అతినీటివలన తలపొలములు చెడుటయు, నీరు లేక శివారు పొలములు ఎండుటయు ఒకే రోగమునకు రెండు లక్షణములు.

అయితే ఖరీఫులో మన ఆకాశము ఎట్లుండునో మీరెరుగుదురు. నాట్లు పడు నెలలలోనే మబ్బులు దట్టముగా క్రమ్మును. కాంతి నాశ్రయించిన ఉపగ్రహము ఆ దినములలో మబ్బుల వీపును మాత్రమే చూచును. ఈ చిక్కును రేడారు తీర్చినది. అది తన తరంగములను తానే పంపి, తిరిగి వచ్చినవానిని కొలుచుకొనును గనుక, మబ్బును రాత్రియు దానికి అడ్డు గావు. నిశ్చలముగా నిలిచిన నీరు ఆ తరంగములను ప్రక్కకు జార్చివేయును, కావున నాట్లమడి చిత్రములో చీకటిగా నుండును. పిలకలు తొడిగినకొలది తరంగములు కాండములకు తగిలి వెనుకకు మరలి వెలుగు హెచ్చును. 2012లో శ్రీహరికోటనుండి ఎగిరిన రీశాట్-1 మన దేశమునకు ఈ శక్తి నిచ్చినది. 2025 జులై 30న అదే శ్రీహరికోటనుండి భారత, అమెరికా దేశములు కలిసి పంపిన నిసార్ నేలలోని తేమను సైతము కొలుచుటకు ఉద్దేశింపబడినది.

ఇంకొక సాధనము ఉష్ణచిత్రము. దాహము తీరిన పైరు తన ఆకులనుండి నీటిని ఆవిరిగా వదలుచు చల్లగా నుండును. దాహముతో నున్న పైరు ఆకురంధ్రములను మూసికొని వేడెక్కును. ఈ వేడిమి భేదమును ఆకాశమునుండి కొలిచి, పైరు ఏ దినమున ఎంత నీరు ఆవిరి చేసినదో గణించు పద్ధతిని 1990ల దశకమున నెదర్లాండ్స్ దేశీయుడైన బాస్టియాన్సెన్ మొదలగు శాస్త్రజ్ఞులు వృద్ధి చేసిరి. కాలువలోనికి వదలిన నీరొక ప్రక్క, పైరు వాస్తవముగా త్రాగిన నీరొక ప్రక్క వ్రాసి తీసివేసిన, నడుమ పోయిన నీటి లెక్క తేలును. ఇంతవఱకు మనము వదలిన నీటినే లెక్కించితిమి. పైరు త్రాగిన నీటిని లెక్కించు ఉపాయము మనకు లేకుండెను.

ఇన్ని చిత్రములున్నను, వానిని రైతు భాషలోనికి దింపనిదే ప్రయోజనము లేదు. రైతు భాష సర్వే నంబరు. ఉపగ్రహమునకు సర్వే నంబరు తెలియదు. దానికి అక్షాంశ రేఖాంశములే తెలియును. మన గ్రామపటములో, గొలుసుతో కొలిచి గుడ్డమీద గీసిన ఆ పాత పటములో, అక్షాంశ రేఖాంశములు లేవు. ఈ రెండింటిని ఒకదానిపై నొకటి పఱచి కలుపుటయే భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా జీఐఎస్ అను శాస్త్రపు పని. కాలువలొక పొర, నేలల రకములొక పొర, ఎత్తుపల్లము లొక పొర, సర్వే నంబర్లొక పొర, ఈ పంటకాలపు పైరొక పొర. పూర్వము ఇంజనీర్లు ట్రేసింగు గుడ్డలను ఒకదానిమీద నొకటి పఱచి దీపపు వెలుగున చూచిన పనినే నేడు కంప్యూటరు చేయుచున్నది.

ఈ కలుపు పనిలో అసలు కష్టము ఊరి పొలిమేరలోనే యున్నది. మూడు గ్రామముల సరిహద్దులు కలియు చోట నాటిన రాతిని వెదకి పట్టి, దాని చెంత యంత్రము నిలిపి, ఉపగ్రహ సంకేతములచే దాని స్థానమును అంగుళముల లెక్కన నిర్ణయింపవలెను. అట్టి రాళ్ళు కొన్ని దొరకిన పిమ్మటగాని పాతపటము క్రొత్తచిత్రముమీద కుదురుకొనదు. కొన్ని రాళ్ళు చేలగట్లలో పూడిపోయినవి, కొన్ని గోడలలో చేరినవి, కొన్నింటికి పసుపుకుంకుమలు పూసి పూజించుచున్నారు. ఆ రాయి యెక్కడిదో చెప్పగలవాడు గ్రామములోని వృద్ధుడే గాని యంత్రము గాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వే డ్రోనులతోను, ఉపగ్రహ సంకేత కేంద్రములతోను జరిగినది. అట్టి కొలతలు సాగునీటి పటములకు తోడైనచో సర్వే నంబరుకును నీటికిని నడుమ నున్న ఎడము తగ్గును.

జలాశయముల సంగతి కొంచెము చెప్పెదను. నీటిని పంచుటకు ముందు ఎంత యున్నదో తెలియవలెను గదా! నాగార్జునసాగరము నిండుమట్టము 590 అడుగులు. ఆ మట్టమున తొలుత 408 టీఎంసీలు పట్టునని లెక్క. పూడిక చేరిన పిమ్మట సవరించిన లెక్క 312 టీఎంసీలు. శ్రీరామసాగరము 112 టీఎంసీలకు కట్టబడినది. 1994 సర్వేలో అది 90కి దిగినది. పూర్వము పడవలనుండి లోతు కొలుచుచు నెలల తరబడి ఈ సర్వే జరిపెడివారు. నేడు జలాశయము నిండినప్పటినుండి ఖాళీ యగువఱకు వివిధ మట్టములలో నీటి అంచు ఎక్కడ నున్నదో ఉపగ్రహ చిత్రములనుండి గుర్తించి, ఆ విస్తీర్ణములను బట్టి నడుమ పొరల పరిమాణమును గణింపవచ్చును. నీరు ఎన్నడును దిగని అడుగు భాగమునకు మాత్రము పడవ తప్పదు. అధికారులు నీటి ప్రణాళికను పాతలెక్కమీద వేసినచో, లేని నీటికి వాగ్దానము చేసినట్లగును. ఆ వాగ్దానము తప్పిన ఫలము ముందుగా అనుభవించువాడు మరల శివారు రైతే.

తెలంగాణమున ఈ విద్య చెరువులకు వర్తించును. కాకతీయులనాటి రామప్ప, పాకాల, లక్నవరము మొదలు ఊరూరి కుంటలవఱకు, 2015లో చెరువులను బాగుచేయు మిషన్ కాకతీయ పథకము ఆరంభమైనప్పుడు లెక్కించిన చిన్న నీటి వనరులు 46,531. ఇవి విడివిడి చెరువులు గావు. ఎగువ చెరువు మత్తడి దుమికిన నీరు వాగుబట్టి దిగువ చెరువును చేరును, అది నిండి తరువాతి దానిని చేరును. ఈ గొలుసుకట్టులో ఒక్క వాగు పూడిపోయినను, ఒక్క ఎఫ్‌టీఎల్ హద్దు, అనగా చెరువు నిండు నీటిమట్టపు హద్దు, ఆక్రమింపబడినను దిగువ నున్న చెరువులన్నియు ఎండును. ఏ చెరువు కట్టమీద నిలిచిన మనిషికిని గొలుసు మొత్తము కనబడదు, పటములో కనబడును. నీరటివానికి తన చెరువు తెలియును, ప్రక్క ఊరి నీరటివానికి తన చెరువు తెలియును. వారిరువురి జ్ఞానమును ఒక్కచోట చేర్చునది పటము.

ఇంతవఱకు పటమును పొగడితిని. దాని లోపములను చెప్పకున్న ఈ ప్రసంగము అసత్యమగును. పది మీటర్ల గడులతో ఎకరము పొలము దాదాపు నలుబది గడులగును; అది సరిపోవును. కాని పావు ఎకరపు మడిలో గట్టు, చెట్టు, ప్రక్కవాని పైరు కలగలిసి తప్పుడు రంగు తోచును. అంతకంటె పెద్ద లోపమొకటి కలదు. శివారున నొక పొలము పచ్చగా నున్నదనుకొనుడు. పటము చూచినవారు కాలువనీరు చివరికంట చేరినదని సంతోషింతురు. నిజమునకు ఆ రైతు కాలువను నమ్మి చెడి, అప్పు తెచ్చి బోరు వేయించి, దాని నీటితో ఆ పైరును నిలిపియుండవచ్చును. పచ్చదనమును చూడగలిగిన ఉపగ్రహము, ఆ పచ్చదనమునకు వెల యెవరు చెల్లించిరో చూడజాలదు. పటము ఒక సాక్షి. సాక్షిని విచారింపక తీర్పు చెప్పరాదు. కావున ప్రతి పంటకాలమునను కొన్ని పొలములను ఎంచి, వానిచెంతకు నడచిపోయి, ఇచ్చట పైరేమి, నీరెచ్చటిదని అడిగి వ్రాసికొనుట తప్పనిసరి. లస్కరును, బోరు వేసిన రైతును తొలగించి ఎవరు గీసినను ఆ పటము పొరపడును.

అట్లే కాలువలోనుండి ఇంకిపోవు నీరంతయు వ్యర్థమను భావమును ఈ పటములే సవరించును. ఇంకిన నీటిలో కొంత దిగువ బావులకు ఊటగా చేరుచున్నది. కాలువకు సిమెంటు పలకలు పఱచి ఇంకుడు నాపిన చోట, శివారునకు నీరు చేరుట మేలే. కాని ప్రక్క ఊళ్ళ బావుల నీటిమట్టమును గూడ ఒక పొరగా పటములో చేర్చి చూడనిచో, ఒకనికి చేసిన ఉపకారము మరియొకనికి అపకారమైన సంగతి మనకు తెలియకయే పోవును.

ఇక ఈ సాక్ష్యమును ఎవరి ముందు పెట్టవలెను? మన తెలుగు సీమలో ఈ ప్రశ్నకు సమాధానము 1997లోనే సిద్ధమైనది. ఆ సంవత్సరము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగించు చట్టము చేసినది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములు ఎన్నికలతో ఏర్పడినవి. పంట ముగిసిన పిమ్మట రెవెన్యూవారు, నీటిపారుదలవారు, సంఘమువారు కలిసి పొలములు తిరిగి, ఎన్ని ఎకరములకు నీరు పారినదో తేల్చు ఉమ్మడి ఆజమాయిషీ యను పద్ధతి ఏర్పడినది. నీటితీరువ తగ్గుటకై ఒకరు తక్కువ చూపవచ్చును, పనితీరు గొప్పగా కనబడుటకై మరియొకరు ఎక్కువ చూపవచ్చును. వారి నడుమ బల్లమీద ఉపగ్రహపటము పఱచినచో, మూడు లెక్కలును దానితో సరిచూచుకొనవలసి వచ్చును. వేరువేరైన చోటికి మాత్రమే మరల నడచిన చాలును. శ్రమ తగ్గును, సంశయము తగ్గును.

యంత్రములతో తూములను నడుపు పద్ధతి కృష్ణానది ఎగువననే, కర్ణాటకములోని నారాయణపుర ఎడమకాలువ మీద అమలునకు వచ్చినది. అచ్చటి గేట్లు నీటిమట్టమును తామే కొలుచుకొని, దూరముననున్న కేంద్రపు ఆజ్ఞను బట్టి ఎత్తుట, దించుట చేసికొనుచున్నవి. అది ప్రశంసనీయమే. కాని గేటు తన గుండ పోయిన నీటినే యెరుగును. ఆ నీరు ఏ చేనికి చేరినదో చెప్పవలసినది పటమే. గేటుకు సొమ్ము వెచ్చించి పటమును మఱచిన ఆధునికత సగము పనియే.

నా విన్నపము మూడు మాటలలో ముగించెదను. మొదటిది, ప్రతి నీటిసంఘపు కార్యాలయమునను, పంటకాలమునకు పూర్వము, ఆ సంఘపు ఆయకట్టు పటమును సర్వే నంబర్లతో తెలుగున అచ్చువేసి గోడమీద అతికింపవలెను. గత సంవత్సరము ఏ పొలమునకు ఏ తేదీన నీరు చేరినదో అందు రంగులతో చూపవలెను. ఇంజనీరు కంప్యూటరులో మాత్రమే యున్న పటము రైతుకు లేనట్లే. రెండవది, వారబందీ వరుసలను, అనగా ఏ తూమునకు ఏ వారము నీరిచ్చుట, ఏ వారము మూయుట అను వరుసలను, ఈ పటము చూచి నిర్ణయింపవలెను. వరుసగా రెండేండ్లు వెనుకబడిన తూములకు మూడవ యేట మొదటి వంతు దక్కవలెను. మూడవది, పటముమీద అభ్యంతరము చెప్పు హక్కు ప్రతి రైతునకు ఉండవలెను. ఆ అభ్యంతరమును విచారించి సరిదిద్దిన పిమ్మటగాని ఆ సంవత్సరపు పటము ఖాయమగరాదు.

శ్రోతలలో ఆయకట్టు రైతులున్నచో వారికొక మాట. మీ పొలమునకు చేతిలో చిన్న యంత్రముతో సర్వేవారు వచ్చినప్పుడు, పన్ను వేయుటకు వచ్చిరని గట్టు దాటి పోకుడు. వారి వెంట హద్దురాతివఱకు నడువుడు. పైరేదో, నీరెచ్చటిదో, కాలువనీరు ఎన్నడు ఆగిపోయినదో చెప్పి వ్రాయింపుడు. వ్రాసినదానిని చదివించుకొని వినుడు. ఆ పిమ్మట తయారైన పటమును చూపుమని సంఘమునందు అడుగుడు. వచ్చు ఖరీఫులో ఆయకట్టు సమావేశము జరుగునప్పుడు నీరు రాలేదని నోటితో చెప్పుటకు మాఱుగా, మీ సర్వే నంబరుమీద వ్రేలు పెట్టి చూపగలుగుదురు. ఆ వ్రేలిని కాదనుట ఏ అధికారికిని, ఏ ఎగువ రైతునకును సులభము గాదు.